దమ్ము లాగాలనిపించే నిమిషానికి ఒక మెసేజ్

సిగరెట్ మానాలనుకునే పేదవాళ్లకు సలహాలిచ్చేవాళ్లు బోలెడుమంది. అద్దె కట్టాల్సిన రోజున, డ్యూటీకి బస్సు తప్పిన పూట మాత్రం పక్కన ఎవరూ ఉండరు. అమెరికాలో అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ‘ఐక్విట్ మైండ్‌ఫుల్లీ’ అనే కార్యక్రమాన్ని తయారుచేసింది ఈ లోటు పూడ్చడానికే. వారానికో క్లాసు చొప్పున ఎనిమిది వారాలు, మధ్య రోజుల్లో ఫోనుకు మెసేజ్‌లు. 2019లో ప్రచురించిన తొలి ప్రయోగంలో ఉన్నది 71 మందే. వాళ్లలో ఎక్కువమంది తక్కువ ఆదాయపు ఆఫ్రికన్ అమెరికన్లు.

ధ్యాస పెట్టి గమనించడం (మైండ్‌ఫుల్‌నెస్) నేర్పే ఈ తరహా శిక్షణ సాధారణంగా ఎండుద్రాక్షతో మొదలవుతుంది. ఒక్క పండు అరచేతిలో పెట్టుకుని దాని ముడతలు చూస్తారు, వాసన పీలుస్తారు, నాలుక మీద ఉంచుకుని నమలకుండా కాసేపు ఆగుతారు. సిగరెట్‌కూ దీనికీ ఏం సంబంధం? రోజూ పెట్టె ఖాళీ చేసేవాడికి చెయ్యి జేబులోకి ఎప్పుడు వెళ్లిందో తెలియదు. తెలియకుండా జరిగేదాన్ని ఆపలేం. కాబట్టి ముందు చూడటం నేర్పుతారు.

తర్వాతి వంతు కోరికది. ఛాతీలో బిగువు, నోట్లో ఊరే నీరు, వేళ్లలో గుల... ఎక్కడ పుట్టింది, ఎంత పెరిగింది? దానితో పోట్లాడకుండా ఊపిరి మీద ధ్యాస పెట్టి కూర్చుంటే, అల లేచినట్టే లేచి కొన్ని నిమిషాల్లో దిగిపోతుంది.

మానే రోజు ఐదో వారంలో. నికోటిన్ ప్యాచ్‌లు కూడా ఇస్తారు.

అక్కణ్నుంచి ఫోనుకు పని ఎక్కువ. మనసు లాగితే ‘క్రేవ్’, ఒత్తిడిగా ఉంటే ‘స్ట్రెస్’, జారి ఒకటి వెలిగిస్తే ‘స్లిప్’ అని పంపాలి. వెంటనే జవాబు వస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ‘స్లిప్’. తప్పు చేసి సిగ్గుతో ముడుచుకుపోయే మనిషికి మళ్లీ తలుపు తట్టే దారి అది.

మన దగ్గర 1800-112-356 ఉచిత క్విట్‌లైన్ ఉంది. తెలుగులో ఇలాంటి మెసేజ్‌లు రాయాలంటే మాత్రం ఇరుకు ఎక్కువ. ఇంగ్లిష్ ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడితే తెలుగుకు 70 స్థానాలే, అందులో గుణింతాలూ పొల్లులూ విడివిడిగా లెక్కకొస్తాయి. నేను రాసి చూసిన ఒకటి 61 స్థానాల్లో సరిపోయింది:

“తాగాలనిపిస్తోందా? ఆగండి. మూడు శ్వాసలు గమనించండి. దిగిపోతుంది.”