నాందేడు గంగ ఒడ్డున

మా అమ్మమ్మ నోట గోదావరి అన్న మాట నేనెప్పుడూ వినలేదు. నాందేడులో పుట్టి పెరిగిన ఆమెకు అది గంగే. "గంగకు పోయొస్త" అంటుంది. బాసర పక్క పల్లెల్లో కూడా ఇదే మాట. మాండలికాల పాఠంలో మేడమ్ సరిహద్దు తెలుగుకు ఉదాహరణలు తెమ్మన్నారు కదా, దసరా సెలవుల్లో అందుకే అమ్మమ్మ దగ్గరికి పోయాను. ఇంకో కారణం కూడా ఉంది. ఆ ఇల్లు అమ్మేశారు. నెలాఖరుకు ఖాళీ చేయాలి.

నిజామాబాదు నుంచి రైలెక్కితే బాసర ముందర వంతెన మీద గోదావరి కనిపిస్తుంది. తర్వాత ధర్మాబాద్, ఉమ్రి, ముద్‌ఖేడ్ దాటి నాందేడు. ధర్మాబాద్ దాకా రైల్లో సగం మంది తెలుగే మాట్లాడుతుంటారు. 1956 దాకా ఇదంతా ఒకటే హైదరాబాదు రాష్ట్రం. ఆ ఏడు మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలోకి పోయింది, 1960లో మహారాష్ట్ర ఏర్పడింది. బిలోలి, దెగ్లూరు, కిన్వట్ తాలూకాల్లో తెలుగిళ్లు అట్లనే ఉండిపోయాయి.

నాందేడు చూడబోయేవాళ్లు ముందు హజూర్ సాహిబ్‌కే పోతారు. పోవాలి కూడా. సిక్కుల ఐదు తఖ్తుల్లో ఇది ఒకటి. పదవ గురువు గోబింద్ సింగ్ 1708 అక్టోబరులో ఇక్కడే తుదిశ్వాస విడిచారు. తన తర్వాత మనిషి గురువుగా ఉండడని, గురు గ్రంథ్ సాహిబే గురువని చెప్పింది ఈ ఊర్లోనే. ఇప్పుడున్న కట్టడాన్ని మహారాజా రంజిత్ సింగ్ 1832, 1837 మధ్య కట్టించారు. లోపలి గదిని అంగీఠా సాహిబ్ అంటారు. గురువుకు దహన సంస్కారం జరిగిన చోటు అది. తలకు గుడ్డ కట్టుకోకుండా లోపలికి పోనివ్వరు, చున్నీ మరిచిపోకండి. లంగర్‌లో భోజనం ఉచితం. అక్కడి పప్పు రుచి నేను ఇంకా మరిచిపోలేదు.

నాకు బాగా నచ్చింది మాత్రం గురువు ఆయుధాల సంగతి. కత్తులు, డాలు, విల్లు, బాణాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. సాయంత్రం ప్రార్థన అయినాక వాటిని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, పేరు చెప్పి అందరికీ చూపిస్తారు. మనం సాలార్‌జంగ్ మ్యూజియం పోయినప్పుడు అద్దాల వెనక చీటీ చదువుకుంటూ నడిచిపోయాం. ఇక్కడ వస్తువును పట్టుకుని చెప్పే మనిషి ఉన్నాడు. భాష రాకపోయినా నేను అరగంట కదలకుండా నిలబడ్డాను. ఇంకో ఆచారం ఏమిటంటే, తఖ్తు కడగడానికి రోజూ తెల్లవారకముందే గాగర్‌లో గోదావరి నీళ్లు మోసుకొస్తారు. గాగర్ అంటే మన బిందె అనుకోండి.

నది ఒడ్డున నడిస్తే నగీనా ఘాట్, బందా ఘాట్ వస్తాయి. నగీనా అంటే రత్నం. ఒక బంజారా భక్తుడు రత్నం సమర్పిస్తే గురువు దాన్ని నదిలో విసిరేశాడట. భక్తుడు నొచ్చుకుంటే, నీదేదో చూసి తీసుకోమన్నాడట. నీళ్లలో చూస్తే అన్నీ రత్నాలే. బందా ఘాట్‌ది మాత్రం కథ కాదు, చరిత్ర. మాధవదాస్ అనే బైరాగి ఆశ్రమం ఇక్కడ ఉండేది. 1708లో గురువును కలిసి శిష్యుడై, బందా సింగ్ బహదూర్‌గా పంజాబుకు పోయి, 1710లో సర్‌హింద్‌ను గెలిచాడు. 1716లో ఢిల్లీలో చంపేశారు. గోదావరి ఒడ్డున మొదలైన బతుకు ఎక్కడ తేలిందో చూడండి.

నది మలుపులో నందగిరి కోట ఉంది. గోడలు, బురుజులు మిగిలాయి. పొద్దుగూకే వేళ బురుజెక్కి గంగను చూస్తే బాగుంటుంది. ఊరి పైన విష్ణుపురి ఆనకట్ట, దాని ఒడ్డున కాళేశ్వర్ గుడి. సాయంత్రం గోబింద్ బాగ్‌లో లేజర్ షో. అది నాకు అంత పట్టలేదు.

2008లో గురు గద్దీకి 300 ఏళ్లు నిండినప్పుడు ఊర్లో రోడ్లూ ఘాట్లూ బాగుచేశారు. మెట్లు ఇప్పటికీ బాగున్నాయి. నీళ్ల సంగతి వేరు. అమ్మమ్మ ఇదివరకు రోజూ ముంచుకునే మెట్టు దగ్గర గుర్రపుడెక్క పేరుకుంది, మురికి వాసన. ఆమె వంగి వేళ్లు తడిపి కళ్లకద్దుకుంది గాని మునగలేదు. "మునగవా?" అంటే, "గంగ పానం బాగలేదు బిడ్డ" అన్నది.

ఘాట్ల మీద బోర్డులు మరాఠీలో, హిందీలో, గురుముఖిలో చూశాను. తెలుగు నాకు కనబడలేదు. ఉండాలని గొడవ పెట్టను, యాత్రికులు ఎవరో వాళ్ల భాషే కదా. కానీ ఈ ఊరి బట్టల మిల్లుల్లో, మగ్గాల మీద పనిచేసిన పద్మశాలీల్లో ఎందరో తెలుగువాళ్లు. మా తాత కూడా మిల్లు మనిషే. అమ్మమ్మ తెలుగులో మిల్లు సైరన్ 'భోంగా', కిటికీ 'ఖిడ్కి', కానీ పడుగు పడుగే, పేక పేకే. పని మాటలు మారలేదు. దాని మీద నా పట్టిక పక్క చార్టులో ఉంది, 43 మాటలు.

ఇల్లు సర్దుతుంటే అటక మీద తాత నాడె దొరికింది. చెక్కది, కొనలకు ఇనుము. మామయ్య దాన్ని పాత సామాను మూటలో పడేశాడు. అమ్మమ్మ ఏమీ అనలేదు. రాత్రి నేనే తీసి బ్యాగులో పెట్టుకున్నాను. పొద్దున ఆమె బ్యాగు తెరిచి చూసి, దాన్ని తన పాత చీర ముక్కలో చుట్టి మళ్లీ లోపల పెట్టింది.

ఆ నాడె ఈ నెలంతా మన శాఖ గదిలో బీరువా పక్క స్టూలు మీద ఉంటుంది. అద్దం పెట్టలేదు, చేత్తో పట్టుకుని చూడండి. దారం ఏ కన్నంలోంచి పోతుందో అడిగితే చెప్తాను. ఫోన్లో అమ్మమ్మను అడిగి నేర్చుకున్నాను.