టంకపు పని: కొండసీమ యువజనులకొక వృత్తి

అరకులోయలోనో పాడేరులోనో పదవ తరగతి ముగించి, మైదానమునకు దిగి పై చదువు చదువుటయా, ఊరనే నిలిచి యొక వృత్తి నభ్యసించుటయా యని తర్కించుకొనుచున్న విద్యార్థికి నేను సూచింపదలచినది, చూచుటకు మిక్కిలి స్వల్పముగా తోచు విద్య: వీడియో గేము యంత్రము లోపలి సర్క్యూట్ బోర్డుపై సన్నని తీగను టంకము పెట్టి అతుకుట, అనగా సోల్డరింగ్.

ఆటవస్తువుల మరమ్మతు గదా యని దీనిని తేలికగా చూడరాదు. 2005లో విడుదలయిన ఎక్స్‌బాక్స్ 360 గేము యంత్రములలో, మాటిమాటికి వేడెక్కి చల్లారుటచేత గ్రాఫిక్సు చిప్పునందలి టంకపు అతుకులు పగులువారగా, మైక్రోసాఫ్టు సంస్థ 2007లో ఆ లోపమునకు వారంటీని మూడేండ్లకు పొడిగించి, అందులకై నూరుకోట్ల డాలర్లకు పైగా కేటాయింపవలసివచ్చెను. కంటికి ఆనని అతుకుపై అంతటి ధనము ఆధారపడి యుండెను.

పనిలోని మర్మమంతయు వేడియందే కలదు. నూటికి 63 పాళ్లు తగరము, 37 పాళ్లు సీసము గల టంకము 183 డిగ్రీలకు కరగును. 2006 నుండి ఐరోపాలో ఎలక్ట్రానిక్ వస్తువులందు సీసము చాలవరకు నిషిద్ధమగుటచేత ఇటీవలి బోర్డులపై సాధారణముగా నుండు సీసరహిత టంకమునకు 217 డిగ్రీలైనను కావలెను. తొలుత బోర్డుపై రాగి స్థానమును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడిచి, టంకము చక్కగా అంటుటకు రోసిన్ ఫ్లక్సు పూసి, తీగకొనకును ఆ స్థానమునకును వేర్వేరుగా పలుచని టంకపు పూత పెట్టి, పిమ్మట రెంటిని చేర్చి రెండుమూడు క్షణములు మాత్రమే సోల్డరింగ్ ఐరను తాకించి, టంకము గట్టిపడువరకు చేయి కదల్చకుండవలెను. ఎక్కువసేపు కాల్చినచో రాగిపొర బోర్డునుండి లేచిపోవును; అది పోయినచో బాగుచేయుట మిక్కిలి దుర్ఘటము. కావున నెలల తరబడి పాడైన బోర్డులపైననే అభ్యసింపవలెను. రేకుపనివారు వాడు ఆసిడ్ ఫ్లక్సును బోర్డునకు తాకింపరాదు. యంత్రమును విప్పుటకు ముందు కరెంటు తీసివేయవలెను. తీసినను పవర్ సప్లైలోని కెపాసిటరులో 300 వోల్టులకు మించి నిలిచియుండవచ్చును.

కొండ గ్రామములలో మరియొక చిక్కు కలదు. వోల్టేజి 230 నుండి 180కి పడిపోయినపుడు 25 వాట్ల సాధారణపు ఐరను 15 వాట్లపాటి శక్తినే గ్రహించును; టంకము సరిగా కరగక, పైకి అతికినట్లు కనబడు డ్రై సోల్డరు ఏర్పడును. తన చేతిదే లోపమని విద్యార్థి నిరుత్సాహపడకుండ, ముందు వోల్టేజిని కొలిచి చూచుకొనవలెను. స్తోమత కలిగినపుడు ఉష్ణోగ్రతను నియంత్రించు సోల్డరింగ్ స్టేషను కొనుట యుత్తమము. శీతకాలమున చలికి కిటికీలు బిగించుకొని పనిచేయుట ప్రమాదకరము, రోసిన్ పొగ ఉబ్బసమును కలిగింపగలదు. సీసము తాకిన చేతులతో భోజనమునకు కూర్చుండరాదు. వానకాలపు పొగమంచులో బోర్డుపై మిగిలిన ఫ్లక్సు తేమతో చేరి విద్యుత్తు దారితప్పుటకు కారణము కాగలదు గనుక, పని ముగియగనే దానిని కడిగివేయవలెను.

చదువు విషయమున, సైన్సు, గణితములతో పది ఉత్తీర్ణులైన బాలబాలికలకు ఐ.టి.ఐ.లో రెండేండ్ల ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడు కలదు. పాలిసెట్ వ్రాసి మూడేండ్ల ఎలక్ట్రానిక్స్ డిప్లొమాలోను చేరవచ్చును. ఐతే గేము యంత్రములనే నమ్ముకొని అరకులో దుకాణము తెరచుట నాకు సమ్మతము కాదు, అవి ఇచ్చట అరుదు. అదే చేయి సెల్‌ఫోనును, టీవీని, సెట్‌టాప్ బాక్సును, సోలారు దీపమును బాగుచేయును. వాటితో ఊరిలో జీవనము సాగును, గేము యంత్రముల పని విశాఖపట్నమున దొరకును. అచ్చటి దుకాణమునకు పని అడుగబోవునపుడు ధ్రువపత్రముతోపాటు స్వహస్తముతో అతికిన బోర్డునొకదానిని వెంట తీసికొనిపోవలెను. పని తెలిసిన యజమాని పత్రముకంటె ముందు ఆ అతుకులనే భూతద్దముతో పరీక్షించును.