కంటితో తూచకు

చి. లావణ్యకు,

జ్వరానికో దగ్గుకో వచ్చిన పిల్లాడు లావుగా కనిపిస్తే, ఇంట్లోవాళ్లు అడక్కుండా మనం ఆ మాట ఎత్తొచ్చా అని ఫోన్లో అడిగావు. ఎత్తాలి. డాక్టరు గారి ముందు క్యూ ఉంటుంది. తల్లితో నాలుగు మాటలు మాట్లాడే వీలు పీహెచ్‌సీలో నీకే ఎక్కువ. కాకపోతే ముందు కొలత, తర్వాతే మాట.

బొద్దుగా ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టేనని మనవాళ్ల లెక్క. నువ్వు కంటిని నమ్మకు. చెప్పులు విప్పించి, నెత్తి మీద ముడి ఉంటే తీయించి, మడమలు గోడకు ఆనించి ఎత్తు చూడు. పదేళ్ల కుర్రాడు 140 సెంటీమీటర్ల ఎత్తు, 46 కిలోలు ఉన్నాడనుకో. బీఎంఐ 23.5 వస్తుంది. పెద్దవాళ్లకైతే కాస్త ఎక్కువ అంటాం, అంతే. పదేళ్లవాడికి అది ఊబకాయమే. అందుకే 5 నుంచి 18 ఏళ్ల వాళ్లకు ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో ఇచ్చిన చార్టు చూడాలి. ఐదేళ్లలోపు వాళ్లకు డబ్ల్యూహెచ్‌ఓ చార్టు.

తర్వాత మెడ వెనక చూడు. కొందరికి నల్లగా, మందంగా, మఖమల్ గుడ్డలా ముడతలుంటాయి. మురికనుకుని తల్లి సున్నిపిండి పెట్టి రుద్దుతుంటుంది, పిల్ల ఏడుస్తుంటుంది. రుద్దితే పోయేది కాదది. చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు. వెంటనే డాక్టరు గారికి చూపించు. గురక, నెలసరి తప్పడం, కుంటుతూ నడవడం ఉన్నా అంతే. తిండి వల్ల లావెక్కిన పిల్లలు మామూలుగా వయసుకు తగ్గ ఎత్తు, లేదా ఇంకా ఎక్కువే ఉంటారు. లావుగా ఉండి ఎత్తు ఎదగకపోతే థైరాయిడ్ లాంటి తేడా ఉందేమో చూడాల్సిందే. బీపీకి చేతికి సరిపడే కఫ్ కట్టు. చిన్నది కడితే లేని బీపీ చూపిస్తుంది.

ఇక మాట. పిల్లాణ్ణి నలుగురిలో లావంటూ అనకు, కడుపు మాడ్చమని చెప్పకు. ఎదిగే వయసులో చాలామందికి బరువు తగ్గాల్సిన పనే లేదు. బరువు నిలకడగా ఉండి ఎత్తు పెరిగితే బీఎంఐ దానంతటదే దిగుతుంది. ఈ ముక్క చెబితే తల్లి మొహం తేటపడుతుంది. అప్పుడు ఒక్క మార్పు అడుగు, అదీ ఇంటిల్లిపాదికీ. పావులీటరు కూల్‌డ్రింకులో దాదాపు ఆరు చెంచాల చక్కెర ఉంటుంది. దాని బదులు మజ్జిగ. రోజుకో గంట ఆట. వీలైతే నానమ్మనూ రమ్మను. మనవడి చేతిలో చిప్స్ ప్యాకెట్టుకు పది రూపాయలు పెట్టేది చాలా ఇళ్లలో ఆవిడే!

ఇంటర్ పిల్లలైతే అమ్మానాన్నల్ని కాసేపు బయట కూర్చోబెట్టి మాట్లాడు. ఆటస్థలం లేని హాస్టల్లో ఉండే పిల్లకు రోజూ పరిగెత్తమని చెప్పడం దండగ. ఎన్ని గంటలు నిద్రపోతోందో అడుగు. ఎనిమిదికి తక్కువైతే అక్కణ్ణుంచే మొదలుపెట్టు.

మళ్లీ ఎప్పుడు రావాలో చీటీ మీద తేదీ రాసివ్వు. మీ పీహెచ్‌సీ గోడకు అబ్బాయిల చార్టు, అమ్మాయిల చార్టు రెండూ ఉన్నాయో లేదో రేపే చూడు. లేకపోతే మెడికల్ ఆఫీసరు గారినడిగి తెప్పించు.

మీ పెద్దమ్మ