చిన్న కీబోర్డుతో సంగీతాభ్యాసము

పల్నాటి సీమ పాటకు పుట్టినిల్లు. కారెంపూడిలో వీరవిద్యావంతులు పల్నాటి వీరుల కథను గానము చేయు ఆచారము తరతరములుగా వచ్చుచున్నది. వినుకొండలో 1895వ సంవత్సరమున జన్మించిన గుఱ్ఱం జాషువా కవి ‘శ్మశానవాటి’ పద్యములు హరిశ్చంద్ర నాటకమునందలి కాటిసీనునకు ప్రాణమైనవి. అట్టి పద్యము రంగస్థలముపై నిలుచుటకు నటుని కంఠమొక్కటే చాలదు. ప్రక్కన కూర్చుండి హార్మోనియము వాయించువాని వ్రేళ్లును కావలెను. నటుడు రాగము తీయునంతసేపు శ్రుతి నందించి, అతడు ఊపిరి తీసికొనునపుడు ఆ ఖాళీని పూరించువాడు ఆ వాద్యకాడే.

ఆ విద్య నేర్వవలెనను కోరిక మన గ్రామములలోని పిల్లలకు లేకపోలేదు. వెల్దుర్తి వంటి మండల కేంద్రమున మిరపకోతల కూలితో గడచు కుటుంబమొకటి కలదనుకొందము. ఆ యింటి బాలుడు భజనలో తాళము తప్పడు, విన్న పాటను వెంటనే అందుకొనును. వానికి వాద్యమొకటి కొనియీయవలెనని తండ్రికి ఉన్నది. సొమ్ము కొద్దిగా ఉన్నది. అంగడికి పోయినచో రంగురంగుల మీటలతో, నూరు ధ్వనులతో, నూరు తాళములతో ఎలక్ట్రానిక్ కీబోర్డులు కనబడును. తెలియక కొన్నచో అది రెండు నెలలలో అటకకెక్కును. సొమ్ము పోవుటయే గాక, పిల్లవాడు తనకు సంగీతము రాదని తలచును. ఈ రెండవ నష్టమే పెద్దది. కావున కొనుటకు ముందు తెలిసికొనవలసిన సంగతులను, కొన్న పిదప చేయవలసిన మొదటి సాధనను ఇచట వివరించుచున్నాము.

ఈ వాద్యము పుట్టుక

హార్మోనియమును పారిస్ నగరమున అలెగ్జాండర్ డెబెయిన్ 1842లో తన పేర నమోదు చేయించుకొనెను. అది కాళ్లతో తిత్తులను త్రొక్కి వాయించు పెద్ద పెట్టె. నేలపై కూర్చుండి ఒక చేతితో తిత్తి ఆడించుచు, మరియొక చేతితో మెట్లు నొక్కు చేతి హార్మోనియమును పందొమ్మిదవ శతాబ్దపు చివరి పాదమున కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ ప్రచారములోనికి తెచ్చెను. విదేశీ వాద్యమయ్యును అది మన నాటకములలోనికి, భజనలలోనికి ఇంటి వస్తువు వలె చేరిపోయినది.

ఎలక్ట్రానిక్ కీబోర్డు కథయు అట్టిదే. 1980లో జపాను దేశపు కాసియో కంపెనీ 49 మెట్లు, 29 ధ్వనులు గల ‘కాసియోటోన్ 201’ను విడుదల చేసెను. పెద్ద వాద్యములను కొనలేని సామాన్యుల యింట కూడ సంగీతముండవలెనను ఉద్దేశముతో ఇట్టివి తయారైనవి. నేడు యమహా కంపెనీవారు చెన్నై దగ్గర ఫ్యాక్టరీలో కీబోర్డులను తయారు చేయుచున్నారు.

ధ్వని పుట్టు విధము

హార్మోనియములో గాలి ఇత్తడి నాలుకలను కదలించుటచే ధ్వని పుట్టును. కీబోర్డులో గాలి లేదు. నిజమైన వాద్యముల ధ్వనులను ముందే రికార్డు చేసి, అంకెల రూపమున ఒక చిన్న చిప్పులో దాచెదరు. మెట్టు నొక్కగానే దాని క్రిందనున్న రబ్బరు బొడిపె ఒక విద్యుత్ స్పర్శను కలుపును. ఆ స్వరము స్పీకరు నుండి వెలువడును. కొన్ని కీబోర్డులలో ఒక్కొక్క మెట్టు క్రింద రెండేసి స్పర్శలుండును. ఆ రెండును కలియుటకు పట్టిన కాలమును బట్టి, మెల్లగా నొక్కినచో మెల్లగాను, గట్టిగా కొట్టినచో గట్టిగాను పలుకును. దీనినే ‘టచ్ రెస్పాన్స్’ అందురు. హార్మోనియములో బిగ్గరతనము తిత్తిని బట్టి ఉండునే గాని మెట్టును బట్టి ఉండదు. కావున పద్యములకు, భజనలకు సాధన చేయువారికి ఈ సౌకర్యము లేకున్నను లోటు లేదు.

ఏది కొనవలెను?

మెట్ల సంఖ్యను చూచి మోసపోరాదు. స్థాయి ఒకటికి నల్లవి, తెల్లవి కలిపి 12 మెట్లు. 37 మెట్లనగా మూడు స్థాయిలు. 61 మెట్లనగా అయిదు స్థాయిలు. చేతి హార్మోనియములో సాధారణముగా మూడు, మూడున్నర స్థాయిలే ఉండును. కనుక పాటకు 37 లేక 44 మెట్లు చాలును. చూడవలసినది మెట్టు వెడల్పు. చౌక రకములలో పెక్కింటికి సన్నని మెట్లుండును. పియానో ప్రమాణము ప్రకారము ఏడు తెల్లమెట్ల వెడల్పు సుమారు 16 1/2 సెంటీమీటర్లు. అంగడికి పోవునపుడు పిల్లవాని స్కేలును వెంట తీసికొని పోయి కొలువుడు. పదియేండ్ల లోపు పిల్లలకు సన్నని మెట్లు తగును. అంతకు పైబడినవారు వానిపై అలవాటుపడినచో, పెద్ద వాద్యము ముందు కూర్చున్నపుడు వ్రేళ్లు తడబడును. సన్నని మెట్ల కీబోర్డులు అయిదువేల రూపాయలకు అటునిటుగాను, పూర్తి వెడల్పు గల 61 మెట్ల సాధారణ రకములు పదివేలకు అటునిటుగాను దొరకుచున్నవి.

రెండవది, ఏకకాలమున పలుకు స్వరముల సంఖ్య. మూడు మెట్లను ఒక్కసారి నొక్కి చూడుడు. మూడును వినబడనిచో అది ఆటబొమ్మ. మూడవది, బ్యాటరీలతో నడచుట. విద్యుత్తు లేనపుడును, రామమందిరపు అరుగుపైనను సాధన సాగవలెను గదా! నాలుగవది, హెడ్‌ఫోను రంధ్రము. వేకువజామున ఇరుగుపొరుగువారి నిద్ర చెడకుండ సాధన చేయుటకు ఇది ఉపకరించును.

వాడిన కీబోర్డును కొనువారు ప్రతి మెట్టును వేరువేరుగా నొక్కి వినవలెను. రబ్బరు అరిగినచో కొన్ని మెట్లు పలుకవు. బ్యాటరీ గదిని తెరచి చూడుడు. లోపల తెల్లని లేక పచ్చని పొట్టు కట్టియున్నచో బ్యాటరీలు కారినవని గ్రహింపవలెను. నూరు ధ్వనులున్నవా, అయిదువందలున్నవా అను ప్రశ్న చివరిది. నేర్చుకొనువానికి ఒక్క ధ్వని చాలును.

మొదటి పాఠము

సంగీతము నేర్చుకొనువారికి మాయామాళవగౌళ రాగముతో స్వరావళులను ఆరంభించుట పురందరదాసుల నాటి సంప్రదాయముగా వచ్చుచున్నది. దానిని కీబోర్డుపై ఇట్లు గుర్తింపవచ్చును. నల్లమెట్లు రెండుగాను, మూడుగాను గుంపులుగా ఉండును. రెండు నల్లమెట్ల గుంపునకు ఎడమ అంచున ఆనుకొనియున్న తెల్లమెట్టు ‘స’. దాని ప్రక్క నల్లమెట్టు ‘రి’. ఆ గుంపునకు కుడి అంచున నున్న తెల్లమెట్టు ‘గ’. దాని ప్రక్క తెల్లమెట్టు ‘మ’, ఆ పైది ‘ప’. మూడు నల్లమెట్ల గుంపులో నడిమిది ‘ద’. ఆ గుంపునకు కుడి అంచున నున్న తెల్లమెట్టు ‘ని’. దాని తరువాతిది పై ‘స’. కుడిచేతి బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలుతో స, రి, గ వాయించి, బొటనవ్రేలిని అడుగు నుండి దాటించి ‘మ’పై నుంచినచో, మిగిలిన నాలుగు వ్రేళ్లు ప, ద, ని, స లకు వరుసగా సరిపోవును.

ఆర్గన్ లేక హార్మోనియము ధ్వనిని ఎన్నుకొనుడు. అది మెట్టు నొక్కినంతసేపు నిలుచును. పియానో ధ్వని క్రమముగా తగ్గిపోవును. ప్రతి స్వరమును ముందు నోట పాడి, పిదప మెట్టు నొక్కి సరిచూచుకొనవలెను. ఈ క్రమమును తిరుగవేయరాదు. ముందే మెట్టు నొక్కినచో వ్రేలు నేర్చుకొనును గాని చెవి నేర్చుకొనదు. కీబోర్డులోని తాళములను మొదటి మూడు నెలలు ముట్టకుండుట మంచిది. పిల్లవాడు చేతితో తాళము వేయుచు పాడనిండు. దినమునకు అరగంట చాలును. కాని అది ప్రతిదినము జరుగవలెను.

పురుషులు సాధారణముగా ఒకటి, రెండు శ్రుతులలోను, స్త్రీలు అయిదు, ఆరు శ్రుతులలోను పాడుదురు. ‘ట్రాన్స్‌పోజ్’ మీట నొక్కినచో వ్రేళ్లు మార్చకయే శ్రుతి మారును. అన్నకు, చెల్లెలికి ఒకే వాద్యము సరిపోవుటకు ఇది ఉపాయము. అయితే దానిపైననే ఆధారపడినవాడు, ఆ మీట లేని హార్మోనియము ముందు నిస్సహాయుడగును. కావున రెండవ యేట వేరు శ్రుతులను వ్రేళ్లతోనే నేర్వవలెను. మూడు నల్లమెట్ల గుంపులో మొదటిదానిని ‘స’గా పెట్టి, నల్లమెట్లపైననే నడచిపొండు, మోహన రాగము పలుకును. పిల్లలకు దీనికంటె ఉత్సాహకరమైన పాఠము వేరొకటి లేదు.

వాద్యమునకు గల హద్దు

రెండు మెట్ల నడుమ మరియొక స్వరము లేదు. మన సంగీతమునకు జీవమైన గమకము ఆ నడుమనే ఉన్నది. ఈ లోపమును చూపియే 1940 మార్చి 1వ తేదీ నుండి ఆకాశవాణి హార్మోనియమును నిషేధించినది. ఆ నిషేధము 1971 వరకు సాగినది. అయినను నాటకము, భజన హార్మోనియమును విడువలేదు. మెట్టు స్వరపు స్థానమును చూపును. దానిని కదలించి అందగింపజేయవలసినది కంఠమే. ఈ సంగతి నెరిగి వాడుకొన్నవారికి కీబోర్డు మంచి తోడు. దానినే గురువుగా తలచినవారికి అది గోడ. ఆరంభ సాధన ఇంట జరిగిన పిదప, తెలిసినవారి యొద్ద కూర్చుండి నేర్చుకొనుట తప్పదు. తిత్తి ఆడించుటయు అచటనే నేర్వవలెను.

కాపాడుకొను విధము

ఎండ, ధూళి, తేమ ఈ వాద్యమునకు శత్రువులు. వాయించిన పిదప గుడ్డ కప్పుడు. నెలల తరబడి వాడనిచో బ్యాటరీలను తీసివేయుడు. ఒక కంపెనీ అడాప్టరును మరియొకదానికి తగిలింపరాదు, కొన్ని 9.5 వోల్టులవి, కొన్ని 12 వోల్టులవి. వోల్టులతోపాటు ధన, ఋణ గుర్తులు కూడ సరిపోవలెను. పిడుగుల వేళ తీగను ఊడదీయుడు.

ఒక్క కుటుంబమునకు భారమైనచో, భజన మండలివారో, చర్చి గాయక బృందమో, పాఠశాలవారో కలిసి పూర్తి వెడల్పు గల కీబోర్డు నొకదానిని కొని, పిల్లలకు వంతుల చొప్పున సాధన ఏర్పరుపవచ్చును. పది మంది పిల్లలు వాయించినచో, వారిలో ఒక్కడైనను రేపటి నాటకమునాడు హార్మోనియము ముందు కూర్చుండునని మేము నమ్ముచున్నాము. కాటిసీనులో నటుడు పద్యమెత్తి ఊపిరికై ఆగినపుడు, ఆ ఖాళీని పూరించు వ్రేళ్లు ఊరిలోనే ఉండవలెను గదా!