పుంగనూరు ఆవును గుర్తించుట

గోదానము చేయదలచిన భక్తులలో పలువురు ఈమధ్య పుంగనూరు ఆవునే కోరుచున్నారు. 2024 సంక్రాంతినాడు ప్రధానమంత్రి తమ నివాసములో ఈ ఆవులకు మేత తినిపించిన చిత్రములు చూచిన పిమ్మట మచిలీపట్నము, గుడివాడలలోను ఈ కోరిక పెరిగినది. గోసేవలో నేను ఒకసారి పొరబడి నేర్చుకొన్నదానిని దాతలకు విన్నవించుచున్నాను.

ఈ జాతికి పుట్టినిల్లు ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని పుంగనూరు. అది మెట్టసీమ. ఎదిగిన ఆవు ఎత్తు సుమారు 70 నుండి 90 సెంటీమీటర్లు, అనగా మనిషి నడుము దాటదు. బరువు 115 నుండి 200 కిలోలు. నుదురు వెడల్పు, కొమ్ములు పొట్టివి, నెలవంకవలె వంగినవి. వెన్ను వెనుకకు కొంత వాలి ఉండును. తోకకుచ్చు దాదాపు నేలనంటును. తెల్లనిదే అసలైనదను మాట నిజము కాదు. బూడిద, గోధుమ వన్నెలును కలవు. పాలు కొద్దిపాటివే, వెన్న మాత్రము మెండు.

నాలుగేండ్ల క్రిందట గుడివాడ భక్తులొకరు నడుమెత్తైనను లేని దూడను తెచ్చి అర్పించిరి. అమ్మినవాడు పుంగనూరు జాతి అని చెప్పినాడట. పొట్టిగా ఉన్నది గదా అని నేనును తలయూపితిని. మూడవయేటికి అది నా రొమ్మెత్తుకు వచ్చినది! దానిని ప్రేమతోనే పోషించుచున్నాము. గోవు చేసిన దోషమేమి? కాని దాత వెచ్చించిన సొమ్ముతో గోశాలకు ఏడాది వరిగడ్డి సమకూరెడిది.

ఏ జాతి దూడయైనను పొట్టిగానే ఉండును. కావున తల్లిని చూపుమనవలెను, వీలైనచో తండ్రి ఆబోతును కూడ. పండ్లను బట్టి వయస్సును పశువైద్యునిచే నిర్ధారింపజేయవలెను. పలమనేరులోని పశు పరిశోధనా స్థానములో ఈ జాతిని పరిరక్షించుచున్నారు. అచటి ఆవులను ఒకమారు కన్నులారా చూచినవారు సులభముగా మోసపోరు.

ఒక్క పెయ్యను ఇచ్చి ఊరకుండుటలోను చిక్కున్నది. ఎదకు వచ్చినపుడు సజాతి ఆబోతు గాని, ఆ జాతి వీర్యము గాని దొరకవలెను. పెద్దజాతితో కట్టించినచో ఆ చిన్నతల్లికి ఈత కష్టమగును; పుట్టిన దూడయు పుంగనూరు కాజాలదు.

మన దివిసీమ నేల వానకాలమంతయు చిత్తడి. మెట్టపశువునకు మెరకమీద పొడిపాక కావలెను. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచినవారికి మెరక విలువ చెప్పనక్కరలేదు. గత కార్తికమున అవనిగడ్డ దంపతులు మా పాకకు మెరక తోలించిరి. దూడ మాట పలమనేరు వెళ్ళివచ్చిన పిదప చూతమనిరి.