చిన్నబిడ్డలకు క్రిస్మసు లెక్క

బిడ్డ “ఒకటి, రెండు, మూడు” అని వల్లించగానే లెక్క వచ్చినదని మనము సంతోషింతుము. అయితే వల్లించుట వేరు, లెక్కించుట వేరు.

ఈ క్రిస్మసు దినములలో చేటెడు బియ్యములో మూడు చింతపిక్కలు దాచుదము. బిడ్డ చేతితో తడవి వాటిని వెలికి తీయుచు, ఒక్కొక్క పిక్కకు ఒక్కొక్క అంకె పలుకవలెను. పిమ్మట “మొత్తమెన్ని?” అని అడుగుదము. మరల మొదటినుండి లెక్కింపక “మూడు” అనినయెడల లెక్క తెలిసినట్లే. అప్పుడు బంగారము, సాంబ్రాణి, బోళము అను కానుకలను చెప్పుదము. జ్ఞానులెందరో మత్తయి వ్రాయలేదు; పేర్కొనిన కానుకలు మాత్రము మూడు.

తప్పిన బిడ్డను గద్దింపక, వ్రేలు పట్టి మరల లెక్కింపజేయుదము. మూడేండ్లు నిండనివారికి పిక్కలు ఇయ్యరాదు. పెద్దవారు సహా నోటిలో, ముక్కులో పెట్టుకొనకుండ, ఆట ముగియువరకు ప్రక్కనే కూర్చుందము.