రెండంగుళాలు లేపిన బండికి ముందు ఏం కొనాలి?

చిరంజీవి అల్లుడికి,

జిమ్నీ ఫొటోలు చూశాను. రెండంగుళాలు ఎత్తు పెంచే స్ప్రింగులు వేయించావు, బండి దర్జాగా నిలబడింది. ఇప్పుడు ఖరీదైన షాకులు, వాటితో పాటు స్టీరింగ్ డ్యాంపర్ కొంటానంటున్నావు. చివర్లో ఎక్కడో, ఎనభై దాటితే స్టీరింగ్ తేలిపోతోందనీ, గుంతలో పడి లేస్తే చేతుల్లో వణుకుతోందనీ రాశావు. ఆ మాట మొదటి వాక్యంలో ఉండాల్సింది. నీ డబ్బు ఎటు పోవాలో చెప్పేది అదే.

స్ప్రింగు మారిస్తే లేచేది ఛాసీ, దాని మీది బాడీ. ఇరుసు ఎక్కడున్నది అక్కడే ఉంటుంది కాబట్టి డిఫరెన్షియల్ కింద ఖాళీ వెంట్రుకవాసి కూడా పెరగదు. అది పెరిగేది టైరుతోనే. నీ 195/80 ఆర్15 టైరు ఎత్తు సుమారు 693 మిల్లీమీటర్లు. 235/75 వేస్తే 733 అవుతుంది, అందులో సగం, అంటే 20 మిల్లీమీటర్లే ఇరుసు కిందికి కలిసొస్తుంది. అలాగని లేపడం వృథా అనను. అయిదు తలుపుల జిమ్నీకి ముందు కోణం 36 డిగ్రీలు, వెనక కోణం 50 డిగ్రీలు ఉన్నా, నడుం కోణం 24 డిగ్రీలే. వీల్‌బేస్ 2250 నుంచి 2590కి సాగినందుకు కట్టిన మూల్యం అది. మిట్ట దాటేటప్పుడు పొట్ట తగలకుండా ఉండటమే నీ రెండంగుళాల అసలు లాభం. ఇంకో అంగుళం మీద ఆశ పెట్టుకోకు.

ఇక వణుకు సంగతి. నీ బండికి ముందూ వెనకా ఒకే ముక్కగా ఉండే గట్టి ఇరుసులు. ఒక్కో ఇరుసును ఛాసీకి పట్టి ఉంచేవి పొడవాటి చేతులు రెండు, అడ్డంగా పోయే లేటరల్ రాడ్ ఒకటి. ఛాసీ పైకి లేస్తే ఈ మూడూ కిందికి వాలతాయి. ముందు చేయి 80 సెంటీమీటర్లు ఉందనుకో. ఒక కొస 5 సెంటీమీటర్లు లేస్తే చేయి సుమారు మూడున్నర డిగ్రీలు తిరుగుతుంది, దానికి బిగిసి ఉన్న ఇరుసూ అంతే తిరుగుతుంది. ఆ మేరకు క్యాస్టర్ పోతుంది. సైకిలు ముందు ఫోర్కు వాలుగా ఎందుకుంటుందో నీకు తెలుసు కదా, చేతులు వదిలినా చక్రం తిన్నగా పోవడానికి. బండిలో ఆ వాలే క్యాస్టర్. అది తగ్గితే స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రాదు, వేగంలో తేలుతుంది.

దీన్ని మామూలు అలైన్‌మెంట్ షాపులో సరిచేయలేరు. ఇలాంటి ఇరుసు మీద వాళ్ల చేతిలో ఉన్నది టో, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, ఒక్కటే. రంధ్రం పక్కకు జరిపి చేసిన ఆఫ్‌సెట్ బుష్‌లు ముందు చేతులకు వేయించాలి, లేదా చేతులే మార్చాలి. రెండంగుళాలకు బుష్‌లు చాలని నా అభిప్రాయం. వాటిలో ఒక పక్క రబ్బరు పల్చబడుతుంది, త్వరగా అరుగుతాయి, ఏడాదికోసారి చూసుకోవాలి.

లేటరల్ రాడ్ పొడవు మారదు గనుక, వాలు పెరిగినప్పుడు ఇరుసును ఒక పక్కకు లాగుతుంది. కొన్ని మిల్లీమీటర్లే కావచ్చు, కానీ ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకే గీతలో లేకపోతే బండి ఓరగా నడుస్తుంది. పొడవు సవరించుకునే రాడ్ వేస్తే ఇరుసు మధ్యకు వస్తుంది. దాని కొసల్లో బుష్ వదులైతే వణుకు మొదలవుతుంది.

స్టీరింగ్ డ్యాంపర్ ఇప్పుడు కొనవద్దంటున్నది అందుకే. అది వణుకును అణచి పెడుతుంది, కారణం లోపలే పెరుగుతూ ఉంటుంది. ముందు చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టి ఊపు. వదులుగా ఆడితే హబ్ బేరింగో, కింగ్‌పిన్ బేరింగో చూడాలి. అది బాగుంటే టై రాడ్ కొసలు, లేటరల్ రాడ్ బుష్, చక్రాల బ్యాలెన్స్. వీటిలో దేన్నీ దాటవేయకు.

షాకులు ఆ తర్వాత. పాత షాకు పొడవు మారకుండా బండి లేచింది గనుక అది ఇప్పటికే 5 సెంటీమీటర్లు తెరుచుకుని నిలబడి ఉంది. గుంతలో చక్రం కిందికి దిగడానికి అంత చోటు తగ్గింది, షాకు కొసకు వెళ్లి టక్కున కొడుతుంది. కాబట్టి పొడవైన షాకు అవసరమే. కానీ పూర్తిగా ముడుచుకున్నప్పుడు కూడా అది పాతదానికన్నా పొడవుంటే, ఇరుసు మరీ పైకి రాకుండా ఆపే బంప్ స్టాపర్‌ను ఆ మేరకు కిందికి దించాలి. లేకుంటే స్టాపర్ తగిలేలోపే షాకు అడుగు తగిలి, సీలు పోయి నూనె కారుతుంది. కొత్త షాకులు నెలలోపు పోయాయని కంపెనీని తిట్టేవాళ్లలో చాలామంది బండ్ల కింద నేను చూసింది ఇదే.

స్ప్రింగు, షాకు జతగా ఉండాలి. ఎన్ని కిలోలకు చేసిన స్ప్రింగు వేశారో కనుక్కో. ఇనుప బంపరు, వించి, పైన క్యారియరు ఎప్పుడూ మోసే బండికి చేసిన గట్టి స్ప్రింగు ఖాళీ బండిలో పెడితే ప్రతి కంకర రాయీ నీ నడుముకు తెలుస్తుంది. గట్టి స్ప్రింగుకు మెత్తని షాకు తగిలిస్తే బండి ఎగిరి ఎగిరి ఆగుతుంది. గుంతల దారిలో గంటల తరబడి పోతే షాకులో నూనె వేడెక్కి, నురగ కట్టి పట్టు పోతుంది. నైట్రోజన్ నింపిన షాకుకు ఎక్కువ డబ్బు పెట్టేది అందుకు.

బిగింపు దగ్గర మెకానిక్ పక్కనే నిలబడు. బుష్ ఉన్న బోల్టులను బండి జాకీ మీద ఉండగా పూర్తిగా బిగించకూడదు. చక్రాల మీద బరువు దిగాకే టార్క్ రెంచ్‌తో బిగించాలి. లేదంటే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి కొద్ది నెలల్లో చిరుగుతుంది. తర్వాత ఒక చక్రాన్ని దిమ్మె మీదికి ఎక్కించి ఇంకోటి వేలాడేలా చేసి, బ్రేక్ హోస్, ఏబీఎస్ తీగ బిగుసుకుంటున్నాయేమో, టైరు ఎక్కడైనా రాసుకుంటోందేమో చూడు. హోస్ బిగుసుకుంటే పొడవైనది వేయించేదాకా బండి బయటికి తీయకు. బండి ముందు భాగం లేచింది కాబట్టి ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా హెడ్‌లైట్లు దించాలి.

చట్టం మాట కూడా వినాలి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ప్రకారం, రిజిస్ట్రేషన్ కాగితంలోని వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి తేడా పడేలా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్ని గట్టిగానే చెప్పింది. చేసిన మార్పులేవో చెప్పి, అవి చెల్లుతాయో లేదో ఆర్టీఏ ఆఫీసులో అడుగు, ఇన్సూరెన్స్ వాళ్లకు రాతపూర్వకంగా తెలియజేయి. ప్రమాదం జరిగాక చెప్పుకుందామనుకుంటే అప్పటికి ఆలస్యమవుతుంది.

ఈ ఆదివారం నాలుగు మూలలా చక్రం నడిమి నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలువు. తాడుకు బరువు కట్టి ఇరుసు ఎటు జరిగిందో చూడు. అలైన్‌మెంట్ షాపులో క్యాస్టర్ అంకె ఉన్న ప్రింటు అడిగి తీసుకో. ఆ మూడూ నాకు పంపు, అప్పటిదాకా షాకులకు అడ్వాన్స్ ఇవ్వకు.

ఇట్లు,
మావయ్య